బళ్ళారి నాటకరంగము – విహారస్థలపు ప్రదర్శనశాల

నాటకశాలకు చరిత్ర యనగా నేమి? కట్టడము లేచిన సంవత్సరము, అందు జరిగిన ప్రదర్శనల సంఖ్య, చూచిన జనుల లెక్క – ఇవి మాత్రమే చరిత్ర యైనచో, నేటి విహారస్థలములలోని ప్రదర్శనశాలల ముందు బళ్ళారి నాటకసభలు చిన్నబోవలసినదే. కాని ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల తెలుగువారు ఆ మాటను అంత సులభముగా అంగీకరింపజాలరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనిది. బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినను, అచ్చట పుట్టిన తెలుగు నాటకము సరిహద్దున కిరువైపుల వారికిని ఉమ్మడి సొత్తుగనే నిలిచినది. కనుక రెండు విధములైన రంగస్థలములను ప్రక్కప్రక్కన నిలిపి చూచుట ఈ ప్రాంతపు పాఠకులకు అప్రస్తుతము గాదు.

థీమ్ పార్కు అని పిలువబడు విహారస్థలములో నాటకశాలకు చోటు దొరకుట నిన్న మొన్నటి సంగతి కాదు. 1955లో కాలిఫోర్నియాలోని అనహైం పట్టణమున డిస్నీలాండు తెరచినప్పుడే అందు గోల్డెన్ హార్స్‌షూ అను చిన్న శాల వెలసెను. పాతకాలపు అమెరికా పానశాలను పోలిన ఆ శాలలో పాట, నృత్యము, హాస్యము కలిసిన ఒక వినోద ప్రదర్శనము దినమునకు పలుమారులు జరిగెడిది. 1986 వరకు, అనగా ముప్పదియొక్క సంవత్సరములు, అదే ప్రదర్శనము సాగెను. వాలీ బోగ్ అను హాస్యనటుడు 1982లో విరమించువరకు అందే వేషము వేసెను. ఒక నటుడు ఒకే వేషమును అంతకాలము తాజాగా నిలుపుకొనుట సామాన్యమైన విద్య కాదు. ఆ శ్రమను తక్కువచేసి మాటలాడువాడు రంగస్థల మెరుగడు.

అయితే అది అంతకాలము సాగుటకు కారణమేమి? నటుడు నిలిచియుండెను, ప్రేక్షకుడు ప్రతిదినమును మారుచుండెను. నేడు చూచినవాడు రేపు మరల రాడు. వచ్చిననూ నిన్నటి దోషము నేడు దిద్దుకొన్నారా అని అడుగుటకు రాడు. హైదరాబాదు చెంత 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీలోని నృత్యములకు, సాహస ప్రదర్శనములకు ఇదియే స్థితి. ప్రవేశరుసుములోనే ప్రదర్శనమును చేరియుండును. బస్సు నడుగుచు, తోటలు చూచుచు వచ్చిన కుటుంబము నీడపట్టున కొంతసేపు కూర్చుండి చప్పట్లు చరచి లేచిపోవును. పిల్లల సంతోషము అబద్ధము కాదు. కళాకారునకు నెలజీత మందుటయు చిన్న మేలు కాదు. కాని ఆ శాలకు రసికుడు గాని, విమర్శకుడు గాని ఏర్పడుట కవకాశము లేదు.

దీనికి నడుమ నొక స్థితి సురభివారిది. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున కీచకవధతో ప్రారంభమైన ఈ కుటుంబ నాటకసంస్థ ఊరూర డేరా వేసి ఆడినది. వారి మాయాబజారులోని అద్భుతములు, తీగలపై ఆకాశగమనములు, క్షణములో మారు తెరలు – వీనికి విహారస్థలపు యంత్రములు పేరులోనే క్రొత్తవి. కాని సురభివారు ఒక ఊరిలో చాలదినము లుండి, దినమున కొక నాటకము మార్చి ఆడెడివారు. నిన్న చూచినవాడు నేడును వచ్చెడివాడు. రాకున్నచో ఆ పూట కుటుంబములకు గడచుట కష్టము. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపిన సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చినది. ఆయన 2022లో మరణించిరి. గౌరవములు వచ్చినను డేరా బ్రతుకులోని భారము తగ్గలేదు. ఈ కష్టమును మరచి విహారస్థలపు జీతమును నిందించుట న్యాయము కాదు.

ఇక బళ్ళారి. ఇచ్చట నటుడును నిలిచెను, ప్రేక్షకుడును నిలిచెను. న్యాయవాది ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) 1886లో సరసవినోదినీ సభను స్థాపించి, మరుసటి యేట చిత్రనళీయమును ఆడించెను. నాటకము నిండ పాటలు పొదిగి జనులను రంజింపజేసినవా డాయనయే. విషాదసారంగధరతో శుభాంతమను కట్టుబాటును త్రోసినవాడును ఆయనయే. అదే పట్టణమున మరియొక న్యాయవాది కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను పెంచి, చరిత్రను రంగమెక్కించెను. రెండు సభలు, ఒకే ఊరు. ఒక సభ నాటకమును చూచినవాడే రెండవదానికిని పోయి సరిపోల్చును. అట్టి పోటీలో అలసత్వము చెల్లదు.

ధర్మవరమువారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) ఈ ప్రేక్షకుల నడుమనే పెరిగెను. మేనమామ నాటకములను పాటలతో నింపగా, మేనల్లుడు రాగాలాపనలతో కథను నిలిపివేయుటను నిరసించి, భావమునకు తగిన సహజమైన వాక్కును, అభినయమును కోరెను. పురుషులు స్త్రీవేషములు ధరించుటను కాదని, కొమ్మూరి పద్మావతీదేవి వంటి గృహస్థ స్త్రీలను రంగమునకు ఆహ్వానించెను. తెలుగున, కన్నడమున, హిందీలో, ఆంగ్లమున గూడ నటించెను. ఒక తరము కట్టిన పద్ధతిని మరుతరము, అదే ఊరిలో, అదే ఇంటివారు దిద్దుకొనిరి. చరిత్ర యనదగిన దిదియే. ముప్పదియొక్క సంవత్సరములు మారక సాగిన ప్రదర్శనమునకు వయస్సు కలదు. ఈ విధమైన చరిత్ర లేదు.

బళ్ళారి సభలందును లోపము లేకపోలేదు. వానిని నడపినవారు వకీళ్ళు, విద్యావంతులు. నటనపై బ్రతుకవలసిన యక్కర వారికి లేదు. ఆ స్వేచ్ఛ వలననే ప్రయోగములు చేయగలిగిరి. అందువలననే, వారి తరువాత, ఆ పనిని జీవికగా పట్టి నిలుపు వర్గము ఏర్పడలేదు. రాఘవ పేర బళ్ళారిలో కళామందిర మున్నది. సభాపరంపర మాత్రము మునుపటి వలె లేదు. భవనము నిలుచుట, సభ నిలుచుట ఒకటి కావు.

ఈ విచారణ హంపీ కడ మరింత తీక్ష్ణమగును. కోలాచలమువారు జన్మించిన కమలాపురము హంపీ ప్రక్కనిదే. 2021 నుండి అది క్రొత్తగా నేర్పడిన విజయనగర జిల్లాలో చేరినది. నేడా ప్రాంతమున యాత్రికులకై విహారగృహములు వెలసినవి. హంపీ ఉత్సవములలో ధ్వనికాంతులతో విజయనగర వైభవమును ప్రదర్శించుచున్నారు. శిథిలములపై రంగురంగుల వెలుగు పడినప్పుడు మనస్సు పొంగుట సహజము. కాని కోలాచలమువారు అదే కథను రామరాజు చరిత్రగా వ్రాసినప్పుడు వైభవమును గాక 1565 నాటి పతనమును ఎన్నుకొనిరి. అందు రాఘవ ధరించినది రామరాజు వేషము కాదు. ప్రతిపక్షమున నిలిచిన పఠాను రుస్తుము. ఆ వేషము రాఘవ పేరుతో విడదీయరానంతగా ప్రసిద్ధి చెందెను. ఆ నాటకమును ఆంగ్ల ప్రభుత్వము నిషేధించెను. ధ్వనికాంతుల ప్రదర్శనమును ఏ ప్రభుత్వమును నిషేధింప నక్కరలేదు. నొప్పించు మాట అందుండదు గనుక.

కమలాపురపు విహారగృహములవారు యాత్రికులకు సాయంకాలపు వినోద మొకటి కావలెనని తలచినచో, వారికి దగ్గరలోనే రచయిత కలడు, నాటకము కలదు, తెలుగు కన్నడములు రెండును ఎరిగిన నటులును దొరకుదురు. రామరాజు చరిత్రను అరగంటకు కుదించి వెలుగులు మాత్రము మిగుల్చుకొందురా, రుస్తుమునకు గూడ మాటలాడుట కవకాశ మిత్తురా అన్నది వారు తేల్చుకొనవలసిన విషయము. ఎమ్మిగనూరు, ఆదోనుల నుండి పోయి చూచు తెలుగు కుటుంబములు రెండవమారు పోవుటయో, పోకుండుటయో ఆ నిర్ణయముపై ఆధారపడియుండును.