పరదేశి చేతిలోని కార్డు

హైదరాబాదు పాతబస్తీకి ఆవల, లడ్డూ వేలముపాట వలన మన పల్లెలకును తెలిసిన బాలాపూరు ప్రాంతమున రోహింగ్యా ముస్లిములు గుడిసెలు వేసికొని కాపురముండుచున్నారు. బర్మాలోని అరకాను సీమలో 2012లోను, 2017లోను జరిగిన హింసకు తాళలేక పారిపోయివచ్చిన జనులు వీరు. 1982 నాటి అచ్చటి పౌరసత్వ చట్టము వీరిని పుట్టిన గడ్డమీదనే పరదేశులను చేసెను.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వీరిలో అనేకులకు కార్డు లిచ్చినది. కాని ఆ కార్డును మన ప్రభుత్వము నివాసపు హక్కుగా అంగీకరించదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు. శరణార్థుల కొరకు ప్రత్యేక చట్టమును లేదు. జమ్మూలో నిర్బంధింపబడినవారి విషయమై 2021లో సుప్రీం కోర్టు, నియమిత పద్ధతి పాటింపక వెళ్లగొట్టరాదనెనే గాని, వారిని విడుదల చేయుమనలేదు.

ప్రభుత్వము ఇంతకంటె నేమి చేయగలదని కొంద రడుగుదురు. చేయగలదని మన చరిత్రయే సాక్ష్యము. 1962లో బర్మాను సైన్యము చేజిక్కించుకొని, పిమ్మట వ్యాపారములను జాతీయము చేయగా, రంగూనులోని తెలుగువారు వేలకొలది ఓడలెక్కి తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు పేరు నేటికిని నిలిచియున్నది. బర్మానుండియు సింహళమునుండియు వచ్చినవారి జీవనోపాధికై 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడెను. అందులో కేంద్ర ప్రభుత్వముతోపాటు ఆంధ్రప్రదేశ్ మొదలగు దక్షిణ రాష్ట్రములును వాటాదారులు.

వారు మనవారు, వీరు పరాయివారందురా? ఆ భేదము నిజమే. స్వజనులకిచ్చిన స్థలమును, అప్పును వీరికిమ్మని నేననను. కాని వచ్చినవాడెవడు, ఏల వచ్చెను, తిరిగి పోయిన బ్రదుకునా అని విచారించు చట్టమైన నుండవలదా? నేరస్థుని పట్టుటకును నిరపరాధిని కాచుటకును విచారణయే త్రోవ.

మోషే ధర్మశాస్త్రములోని ఆరు ఆశ్రయపురములు కేవలము జాలిమీద నిలిచినవి కావు. వాటి గవినియొద్ద పెద్దలు మొర వినవలెను. ఇశ్రాయేలీయునికే గాక పరదేశికిని అవి తెరువబడెను. మనము పంపు బియ్యపు మూట మంచిదే, కాని అది వారమునకే చాలును. దాతకు విసుగు పుట్టిననాడు జాలి ఆగిపోవును, చట్టము ఆగదు. కావున ఓటడుగ వచ్చువారిని రోడ్డును, నీళ్లును అడుగునప్పుడు, ఈ చట్టమునుగూర్చియు అడుగుడి.