ఉంగరం వద్దన్న శకుంతల

మన తెలుగులో ఒక చిత్రమైన మాట ఉంది: “తప్పయిపోయింది.” చేసినవాళ్ళెవరో ఆ మాటలో ఎక్కడా కనపడరు. వాన వెలిసిపోయినట్టు, దీపం ఆరిపోయినట్టు తప్పు కూడా దానంతటదే అయిపోయిందన్నమాట! “తప్పు చేశాను” అనడానికి నోరు రానివాళ్ళకి భాషే ఓ చాటు కల్పించి పెట్టింది. దానికి తోకగా “ఇంక మనసులో పెట్టుకోకు” అని ఇంకోటి. అంటే, జరిగినదానికి పూచీ ఎవరికీ లేదు గానీ, మరిచిపోవలసిన పూచీ మాత్రం ఎదుటివాళ్ళదే.

ఈ సంగతి బుర్రలో పెట్టుకుని, మన పాత కథల్లో మొగుళ్ళు పెళ్ళాల్ని బతిమాలుకునే ఘట్టాలు చదివి చూడండి. మహా సరదాగా ఉంటుంది. తర్వాత కాస్త బాధగానూ ఉంటుంది.

ముందు భారతంలో దుష్యంతుడు. ఉంగరమూ, దుర్వాసుడి శాపమూ కాళిదాసు నాటకంలోవి. భారతంలో అవి లేవు. ఆదిపర్వంలో రాజుగారికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, కొడుకుని వెంటబెట్టుకుని నిండు సభకి వచ్చిన మనిషిని నువ్వెవరో నాకు తెలీదు పొమ్మన్నాడు. అప్పుడు శకుంతల సత్యం గురించి చెప్పిన మాటలు నన్నయగారి పద్యాల్లో చాలామంది తెలుగువాళ్ళు బళ్ళో చదువుకున్నారు. ఆవిడ అంత చెప్పినా ఆయన దిగిరాలేదు. ఆకాశం నించి దేవతల మాట వినపడ్డాక గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఏమన్నాడనుకున్నారు? తనకి ముందే తెలుసట. ఆవిడ మాట ఒక్కటే నమ్మి ఏలుకుంటే లోకం శంకిస్తుందని అలా చేశాడట. వ్యాసుడి సంస్కృత మూలంలో ఇంకో ముక్క కూడా ఉంది. కోపంలో ఆవిడ తనని అన్న అప్రియమైన మాటలన్నీ క్షమించేశానని అంటాడు! ఎవరు ఎవర్ని క్షమించాలో చూశారా? దీన్ని సంజాయిషీ అనాలి గానీ క్షమాపణ అనలేం. ఇలాంటి సంజాయిషీలు వినని ఇల్లాలు ఏ వీధిలో ఉంది లెండి!

ఇక శ్రీకృష్ణుడు. ఈయన పద్ధతి పూర్తిగా వేరు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కాళ్ళకి మొక్కుతాడు, ఆవిడ ఎడమకాలితో తన్నితే అది నాకు మన్ననే గానీ నీ పాదం నొచ్చిందేమోనంటాడు. కృష్ణదేవరాయలకీ దేవేరికీ వచ్చిన అలక తీర్చడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడని కథగా చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, అలక తీర్చే విద్యకి ఇంతకంటే మంచి వాచకం మనకి లేదు. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారంలో జమునగారి సత్యభామని చూసి మురిసిపోని ఆడవాళ్ళున్నారా?

కానీ ఓ మాట. ఆవిడకి నొప్పి పువ్వు రానందుకు కాదు. నారదుడు తెచ్చిన ఆ ఒక్క పువ్వూ రుక్మిణి కొప్పులోకి వెళ్ళింది. పైగా ఆయనగారు అందరూ వినేలా రుక్మిణిని ఆకాశానికెత్తాడు. తన స్థానం ఏమిటన్నది ఆవిడ ప్రశ్న. దానికి కృష్ణుడిచ్చిన జవాబు చెట్టు! ఇంద్రుడితో యుద్ధం చేసి మరీ పెరట్లో నాటించాడు. పువ్వు బదులు చెట్టు, మాట బదులు చీర, లెక్క ఒకటే. కోపం పాలపొంగు లాంటిది, నాలుగు నీళ్ళు చల్లితే దిగిపోతుంది. నమ్మకం అలా కాదు, పెరుగులా తోడుకోవాలి. తొందరపడి గిన్నె కదిపారో, నీళ్ళు తేరుతుంది. చెట్టు వచ్చాక కూడా సత్యభామ మనసు కుదుటపడిందా? పడితే వ్రతం పేరు చెప్పి భర్తని నారదుడికి దానం చేసి మళ్ళీ విడిపించుకునే దాకా ఎందుకెళ్తుంది? నాటకంలోనూ సినిమాలోనూ ఆవిడ నగలన్నీ త్రాసులో పోయించి మనం నవ్వుకుంటాం. గర్వభంగం అంటాం. నాకు అందులో గర్వం కంటే భయమే ఎక్కువ కనపడుతుంది.

ఇప్పుడు కాళిదాసు దగ్గరికొద్దాం. శాకుంతలం అనగానే పండితులు నాలుగో అంకాన్నే మెచ్చుకుంటారు, ఆడపిల్లని అత్తవారింటికి పంపే ఘట్టం కదా. నేను మాత్రం ఏడో అంకంలో ఒక్క చిన్న మాట కోసం ఆ నాటకం మళ్ళీ మళ్ళీ చదువుతాను.

అయిదో అంకంలో ఈ రాజు తక్కువ అనలేదు. కోకిల తన పిల్లల్ని పరాయి గూట్లో పెంచుకున్నట్టే ఆడవాళ్ళ తెలివీ అని ఎత్తిపొడిచాడు. పాపం, ఆవిడ ఉంగరం చూపిద్దామని చూసుకుంటే వేలు బోసిగా ఉంది, శచీతీర్థంలో జారిపోయింది. తర్వాత జాలరివాడి వల్ల అది దొరికి, ఆయనకి అన్నీ గుర్తొచ్చి, వసంతోత్సవం మాన్పించి, ఆవిడ బొమ్మ గీసుకుని కుమిలిపోయాడు. ఏళ్ళు గడిచాక మారీచాశ్రమంలో, సింహప్పిల్లతో ఆడుకునే కొడుకుని ముందు చూశాడు; తర్వాత మాసిన చీరతో, ఒంటిజడతో వచ్చిన ఆవిణ్ణి చూశాడు. కాళ్ళమీద పడ్డాడు.

ఇక్కడ గమనించవలసిందొకటుంది. అప్పటికి శాపం సంగతి ఆయనకి తెలీదు. తప్పించుకోవడానికి ఓ సాకుందని తెలీకుండానే, తన మోహమే తన కళ్ళు కప్పిందని ఒప్పుకున్నాడు. ఆనాడు చూసీ చూడనట్టు వదిలేసిన కన్నీటి చుక్కని ఈనాడు తన చేత్తో తుడిచాడు. భారతంలో దుష్యంతుడికీ ఈయనకీ పోలికే లేదు. ఆవిడేమో, అంతా నా పూర్వజన్మ పాపఫలం అంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా కాళిదాసు మీద నాకు ఒళ్ళు మండుకొస్తుంది. మళ్ళీ తన నెత్తినే వేసుకోవాలా, అని.

కానీ తుడుస్తున్న చేతికి ఉంగరం కనపడింది. నమ్మించవలసిన వేళకి ఇది నాకు దొరక్కుండా పోయిందని నిష్ఠూరమాడింది. అయితే మళ్ళీ పెట్టుకోమన్నాడు రాజు. పెట్టుకోనంది. దీన్ని నేను నమ్మను, మీ వేలికే ఉండనివ్వండి అన్న అర్థం వచ్చేలా ఎంత మెత్తగా చెప్పింది! మనిషిని క్షమించింది, వెంట వెళ్తుంది, కాపురమూ చేస్తుంది. ఆనవాలు మాత్రం ఇంక అక్కర్లేదు. ఇకమీదట గుర్తుపెట్టుకునే బాధ్యత ఎవరిదో వాళ్ళ వేలికే ఉంచేసింది. మన సీరియల్ నవలల్లో చాలా వాటిలో అతను కాళ్ళమీద పడగానే ఆమె అన్నీ మరిచిపోతుంది, శుభం కార్డు పడుతుంది. ఎప్పటివాడో కాళిదాసుకి తెలిసిన సంగతి మనకింకా తెలిసిరాలేదు కాబోలు.

రాజు ఏం జవాబు చెప్పేవాడో మరి, అంతలో మాతలి వచ్చి ఆ మాట అక్కడితో తెగిపోతుంది. తర్వాత మారీచుడు శాపం సంగతి బయటపెడతాడు. నింద తప్పిందని రాజుగారు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటారు. కారణం లేకుండా విడిచిపెట్టలేదు కదా అని ఆవిడా ఊరట పడుతుంది. కొడుకుతో సహా ముగ్గురూ ఇంద్రుడి రథంలో రాజధానికి ప్రయాణం. ఇంత జరిగినా, ఆ ఉంగరం ఇలా తెండి అని మాత్రం శకుంతల అడగలేదు.