సాక్షి మన పక్షమే చెప్పాలా?

మా గోదావరిఖని క్వార్టర్లలో ఒకరింటి పోపు వాసన పక్కింటికి ఇట్టే తెలిసిపోతుంది. మనసులో మాట మాత్రం తెలియదు. ఆ మధ్య మా వరసలో ఒకావిడ మతం మారింది. “ఏం ముట్టిందో!” అన్నారు కుళాయి దగ్గర. నేను ఆ మాట అనలేదుగాని, చెప్పొద్దూ, తలాడించాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి తెచ్చిన ‘అపోలోజియా’ నా చేతిలో పడింది. రాసినాయన జాన్ హెన్రీ న్యూమన్, ఆక్స్‌ఫర్డ్‌లో పేరుమోసిన ఆంగ్లికన్ మతగురువు. 1845 అక్టోబరు 9న కాథలిక్కయ్యాడు. దాదాపు ఇరవయ్యేళ్ళ తర్వాత, 1864లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత, ఈయనకు సత్యమంటే పట్టింపు లేదన్నట్టు ఓ పత్రికలో రాశాడు. దానికి జవాబే ఈ పుస్తకం. మొదట వారం వారం భాగాలుగా వచ్చిందట, అచ్చం మన సీరియళ్ళలా!

అలాగని మలుపుల కోసం చూడకండి. 1839లో మొలిచిన ఒక అనుమానం, ఆరేళ్ళపాటు మనిషిని నలిపిన కథ ఇది. 1843లో చర్చిలో పదవి వదులుకున్నాడు, తర్వాత కాలేజీ కొలువూ పోయింది, స్నేహితులు దూరమయ్యారు. పండిత చర్చలు కొన్ని నాకు మింగుడుపడలేదు. ఏమాటకామాటే, తన తడబాట్లను మాత్రం దాచుకోలేదాయన.

మనస్సాక్షి అంటే మన ఇష్టాయిష్టాలు కావని 1875లో నార్ఫోక్ ప్రభువుకు రాసిన లేఖలో ఆయనే వాదించాడు. మన పెద్దలు ఆ మాటలోనే ఆ అర్థం ఇమిడ్చి పెట్టారు. ‘మనోవకీలు’ అనలేదుగా! వకీలు మన పక్షం వాదిస్తాడు. సాక్షి చూసింది చెబుతాడు. మా వారు గనిలో సర్దారుగా ఉన్నన్నాళ్ళూ కర్రతో పైకప్పు తట్టి చూసేవారు. డొల్ల మోత వినిపిస్తే, ఎదురుగా ఎంత బొగ్గున్నా మనుషుల్ని వెనక్కి పంపాల్సిందే. న్యూమన్ ఆరేళ్ళు తట్టి తట్టి విన్నాడు. తర్వాతే కదిలాడు.

ఒక్క లోటు చెప్పాలి. ఆయన మతం మారాక చెల్లెలు హారియట్ అన్నతో మాటలు మానుకుంది. ఆవిడ కన్నీళ్ళకు ఈ పుస్తకంలో చోటు లేదు. 2019లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. మంచిదే. కాని ఒకరి మనస్సాక్షికి ఇంటిల్లిపాదీ సుంకం కడతారన్న సంగతి ఆడవాళ్ళం మనం మరిచిపోలేం కదా!

పుస్తకం చదివి నేనేమీ మారలేదు. పొద్దున్నే తులసికోటకు నీళ్ళు పోస్తూనే ఉన్నాను. కాని మొన్న సాయంత్రం ఆవిడ వాకిట్లో కూర్చుని, ఏం ముట్టిందని కాకుండా, “ఏం పోగొట్టుకున్నావమ్మా?” అని అడిగాను.

చాలాసేపు పలకలేదు. “మా అమ్మ మాట్లాడ్డం లేదక్కా,” అంది.