నలుపు తెలుపుల నడుమ

ఆస్కార్ వైల్డ్ నాటకం ‘సలోమీ’ 1893లో పారిస్‌లో ఫ్రెంచి భాషలో వెలువడింది. పుదుచ్చేరిలో ఫ్రెంచి అభ్యసించిన పాఠకులు దానిని మూలంలోనే చదువుకోగలరు. అయితే ఆ ముద్రణలో ఆబ్రీ బియర్డ్‌స్లీ చిత్రాలు లేవు. అవి 1894లో లండన్‌లో వచ్చిన ఆంగ్లానువాదానికి సిరాతో గీసినవి. చిత్రకారునికి అప్పటికి 22 ఏళ్లు నిండలేదు.

ఈ చిత్రాలు లైన్ బ్లాక్ పద్ధతిలో అచ్చయ్యాయి. సిరా పడినచోట నలుపు, పడనిచోట తెలుపు. నడుమ ఛాయకు తావులేదు. అంత ఖండితమైన రేఖలోనే స్త్రీయో పురుషుడో తేలని మూర్తులు రూపొందడం విశేషం. నెమలి పింఛాల వస్త్రం ధరించిన సలోమీ ఎదుట నిలిచిన వ్యక్తి ముఖమూ కేశాలంకరణా స్త్రీవే అనిపిస్తాయి. మోకాళ్లను గమనిస్తే గాని పురుషుడని తోచదు. ‘చంద్రునిలోని స్త్రీ’ అన్న చిత్రంలో చంద్రబింబానికున్నవి వైల్డ్ పోలికలు.

ప్రకాశకుడు జాన్ లేన్ ఒక చిత్రంలోని నగ్న పరిచారకునికి ఆకు అడ్డు వేయించాడు. అతనిని కలవరపెట్టింది స్పష్టంగా కనిపించిన అవయవమే. అస్పష్టంగా మిగిలిన ముఖాలు యథాతథంగా అచ్చయ్యాయి.

వీటిని అర్ధనారీశ్వర మూర్తితో పోల్చడం సులభమే గాని సమంజసం కాదు. అక్కడ రెండు భాగాలూ స్పష్టం; మధ్యరేఖ ఉంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ పాత్రధారి పురుషుడని సంప్రదాయం తెలిసిన ప్రేక్షకుడు ఎరుగును. బియర్డ్‌స్లీ అటువంటి ఆధారమేదీ ఇవ్వడు. అలాగని ఇవి సానుభూతితో గీసిన చిత్రాలూ కావు. వాటిలోని వ్యంగ్యం మనిషిని అలంకారంగా మార్చివేస్తుంది. అదే వాటి పరిమితి.

ఆ కాలపు పాలకులూ సిరానే వాడారు. బ్రిటిషిండియాలో 1871 నాటి నేరజాతుల చట్టం రెండవ భాగం, అనుమానితులైన ‘నపుంసకుల’ పేర్లను రిజిస్టరుకెక్కించి, వారు స్త్రీ వేషంలో వీధిలో కనబడడాన్ని శిక్షార్హం చేసింది. హైదరాబాదు రాజ్యంలో 1329 ఫస్లీలో వచ్చిన ఇటువంటి శాసనాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గాని కొట్టివేయలేదు. రిజిస్టరులో పేరెక్కిన మనిషి అనుమానితుడిగానే మిగిలాడు. బియర్డ్‌స్లీ పుట ఏ మూర్తినీ నువ్వెవరని నిలదీయదు. పరిమితులున్నా, ఈ చిత్రాలను నేటికీ చూడవలసి ఉండడానికి కారణం ఇదే.