ఇంటర్‌ఫెరాన్: సగం చెప్పిన పాఠం

వైరసు సోకిన కణం పొరుగు కణాలను హెచ్చరించుటకు విడిచే ప్రోటీన్ ఇంటర్‌ఫెరాన్. 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొన్నారు. పాఠాలు సాధారణంగా ఇంతటితో ముగుస్తాయి. ఇది సత్యమే, కాని సగమే.

లూపస్ వ్యాధిగ్రస్తులలో చాలమందికి వైరసు లేకున్నను ఈ హెచ్చరిక ఆగదు. దాని ప్రభావాన కొన్ని తెల్లకణాలు బాఫ్ అను ప్రోటీనును అధికంగా స్రవిస్తాయి. నశించవలసిన బి కణాలు దానివల్ల బ్రతికిపోయి, ప్లాస్మా కణాలుగా మారి, సొంత డి.ఎన్.ఎ. పైననే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఆ ప్రతిరక్షకాలు డి.ఎన్.ఎ.తో కూడి మరింత ఇంటర్‌ఫెరానును పుట్టిస్తాయి. ఇదొక విషవలయం.

అట్లని ఇంటర్‌ఫెరానును దోషిగా నిలబెట్టుట రెండవ పొరపాటు. దాని గ్రాహకాన్ని అడ్డగించే అనిఫ్రోలుమాబ్ అను మందు 2021లో అమెరికాలో ఆమోదం పొందినది. అయితే అంతకుముందు జరిగిన రెండు ప్రధాన పరీక్షలలో ఒకటి ముఖ్య లక్ష్యాన్ని అందుకోలేదు. పైగా మందు పుచ్చుకున్నవారిలో సర్పి అను వైరసు వ్యాధి ఎక్కువగా కనబడినది. కావలి కుక్కను కట్టివేస్తే దొంగకు దారి ఇచ్చినట్లే గదా!

కనుక ఇంటర్‌ఫెరాన్ మంచిదా, చెడ్డదా అనునది సరియైన ప్రశ్న కాదు. హెచ్చరిక ఎప్పుడు ఆగవలెను, ఎందుకు ఆగలేదు అను ప్రశ్నలనే తరగతిలో లేవనెత్తవలెను.