నదిని దాటే కాలువ

మామిడికుదురు మండలానికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది అప్పనపల్లి బాలబాలాజీ దర్శనానికే వస్తారు. కొందరు అక్కణ్ణించి అంతర్వేది వెళ్తారు. పాత కాలం మీద మక్కువ ఉన్నవాళ్ళు ఆదుర్రులో ఆగి, ఊరివాళ్ళు దుబరాజు గుడి అనే బౌద్ధ స్తూపం దిబ్బ చూస్తారు. ఈ ఊళ్ళ చుట్టూ వరి, కొబ్బరి నిలబెట్టిన పనితనం మాత్రం ఎగువన పి.గన్నవరంలో ఉంది. ఎవరైనా నన్ను కోనసీమ చూపించమంటే మొదట అక్కడికే తీసుకెళ్తాను.

ముందు నేల తీరు తెలియాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ మళ్ళీ చీలి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వసిష్ఠకూ వైనతేయకూ సముద్రానికీ నడుమ మిగిలిన ముక్కే నగరం ద్వీపం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు అన్నీ దీనిలోవే. మూడు వైపులా నీళ్ళున్నా పొలానికి అందేవి తక్కువ. వేసవిలో పోటుకి ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది. వరద లేనప్పుడు ఏటి మట్టం చేను కన్నా కిందనే ఉంటుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ ఆ పనిలో వీణెం వీరన్న వంటి స్థానికుల మీద ఎంతో ఆధారపడ్డాడు. ఆనకట్టతో గోదావరి నీళ్ళు కాలువల మట్టానికి లేచాయి. మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర బయల్దేరి, లొల్ల లాకులు దాటి, కొమ్మలుగా చీలి కిందికి దిగుతుంది. ఈ డెల్టాలో నేల వాలు మైలుకి ఇంచుమించు ఒక్క అడుగే. అంటే కాలువ ఎక్కడైనా రెండడుగులు అనవసరంగా దిగిపోతే, ఆ మేరకు దిగువ పొలాలకు నీళ్ళెక్కవు. పి.గన్నవరం దగ్గర వైనతేయ అడ్డొచ్చినప్పుడు వచ్చిన చిక్కు ఇదే. కాలువను ఏట్లో కలిపితే ఎత్తు మొత్తం పోతుంది. ఏటి మీదుగా అదే మట్టంలో అవతలి ఒడ్డుకి మోసుకెళ్ళాలి.

1850లలో ఇంజినీరు హేగ్ ఆధ్వర్యంలో కట్టిన పాత అక్విడక్టు ఆ మోత మోసింది. దాని లెక్కలు చూస్తేనే నాకు ముచ్చటేస్తుంది. ఖానాలు, అంటే కమానుల కింది ఖాళీలు, 49. ఒక్కో ఖానా వెడల్పు 40 అడుగులు. మొత్తం పొడవు 2,248 అడుగులు. ఖానాలకు 1,960 అడుగులు పోతే మిగిలేది 288. మధ్య స్తంభాలు 48 గనక ఒక్కోదానికి సరిగ్గా ఆరడుగులు. నెత్తిన ఒక కాలువను మొయ్యాల్సిన స్తంభానికి ఆరడుగులేనా అనిపిస్తుంది. ఆ సన్నదనంలోనే తెలివి ఉంది. స్తంభాలు లావైన కొద్దీ వరదకు దారి ఇరుకవుతుంది, ఇరుకైన చోట నీళ్ళు ఉరవడి పెరిగి పునాది కింది ఇసుకను కోసేస్తాయి.

మరి అంత సన్నటి స్తంభం ఎలా ఆగుతుంది? కమాను తన మీది బరువును కిందికే కాదు, పక్కలకీ నెడుతుంది. ఇటు కమాను ఒక స్తంభాన్ని ఎంత బలంతో నెడితే, అటు కమాను అంతే బలంతో ఎదురు నెడుతుంది. పక్కబలాలు రద్దయిపోయి స్తంభం మీద నిలువు బరువే మిగులుతుంది. భుజం భుజం ఆనించి నిలబడ్డ మనుషుల వరస లాంటిది ఇది. చివరి కమానులకు ఎదురు నెట్టేవాళ్ళు లేరు కాబట్టి రెండు ఒడ్డుల దగ్గరా బరువైన కట్టడం ఉండాలి. కమానుల మీద రెండు పక్కలా గోడలు లేపితే తొట్టి ఏర్పడుతుంది. అందులో కాలువ, దాని కింద ఏరు. ఒకదాని నీళ్ళు ఒకదాన్ని తాకవు.

ఇప్పుడు పక్కనే కొత్త అక్విడక్టు ఉంది. 2000లో వాడుకలోకి వచ్చింది, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో దారిన పోయేవారందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. ఇన్ని ఊళ్ళ వరిని పండించే కట్టడానికి అంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

వైనతేయ దాటిన నీళ్ళు పంట కాలువలుగా, పిల్ల కాలువలుగా, బోదెలుగా చీలుతూ, తూముల గుండా చేలకు ఎక్కుతాయి. పంట కాలువలన్నీ మెరక వెంట, మురుగు కాలువలు పల్లం వెంట నడవడం గమనించండి. వచ్చే నీరూ పోయే నీరూ వేర్వేరు దారులు పట్టాలి. ఆ రెండోది చెడితే మొదటిది ఎంత బాగున్నా నిష్ప్రయోజనం. మురుగు కాలువ మూతి దగ్గర తలుపులు ఆటుకి తెరుచుకుని, పోటుకి మూసుకోవాలి. అవి పాడైనా, కాలువ పూడినా ఉప్పునీరు వెనక్కి తన్ని కొబ్బరి మొవ్వులు ఎండుతాయి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట రైతులు ఈ బాధ పడ్డారు. కమానుల మీద పెట్టినంత శ్రద్ధ ఆ తలుపుల మీదా పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

చూడదలిస్తే రెండుసార్లు రండి. కాలువలు కట్టేసిన వేసవిలో, ఏరు సన్నగిల్లినప్పుడు, స్తంభాల మొదళ్ళూ కమానుల అడుగు భాగాలూ బాగా కనిపిస్తాయి. వరద రోజుల్లో వస్తే ఆ 40 అడుగుల ఖానాలు ఎందుకు కావలసివచ్చాయో ఏరే చూపిస్తుంది.