పపువా న్యూగినీలో పడవా, విమానమా?

పపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ. రెండో పెద్ద నగరం లే. ఈ రెండు నగరాలనూ కలిపే రోడ్డు ఇవాళ్టికీ లేదు. నాలుగు వేల మీటర్ల దాకా లేచిన శిఖరాలతో ఓవెన్ స్టాన్లీ పర్వతాలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. దేశంలో చాలాచోట్ల ఇదే పరిస్థితి. అందుకే అక్కడ తిరగాలనుకునేవాళ్లకు పడవా, విమానమా అన్న ప్రశ్న తప్పదు. పడవ చవక, నిదానం, దేశాన్ని దగ్గరగా చూపిస్తుంది. విమానం ఖరీదు, వేగం, భద్రం అని చాలామంది తేల్చేస్తారు. ఈ తీర్పు సగమే సరైనది. నేల తీరును పక్కనపెట్టి ఈ రెంటినీ పోల్చడమే అందులోని పొరపాటు.

ముందుగా కొండప్రాంతం సంగతి. పడవ పాతది, విమానం దాని తర్వాత వచ్చిన సౌకర్యం అన్న లెక్క ఇక్కడ చెల్లదు. 1926లో ఈడీ క్రీక్ దగ్గర బంగారం బయటపడ్డాక సలమావా తీరం నుంచి అక్కడికి కాలినడకన చేరడానికి వారం పైనే పట్టేది. 1930ల ఆరంభంలో జంకర్స్ విమానాలు బంగారం తవ్వే భారీ డ్రెడ్జర్లను విడిభాగాలుగా లే నుంచి బులోలోకు మోశాయి. వాటిని అక్కడే బిగించారు. 1933లో వాగీ లోయను బయటివాళ్లు మొదట పైనుంచి చూశాకే కాలినడకన ప్రవేశించారు. ఆ లోయల్లో ఎందరో బండిచక్రం కన్నా ముందు విమానాన్ని చూశారు. ఇప్పటికీ రోడ్డు లేని లోయలకు మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ వంటి సంస్థల చిన్న విమానాలే రోగులనూ, మందులనూ, సరుకులనూ చేరవేస్తున్నాయి. వాలు నేలమీద పరచిన గడ్డి రన్‌వేపై ఎగువకు దిగి, దిగువకు పరుగెత్తి పైకి లేస్తాయి. కొండల్లో విమానం ఎక్కడమంటే స్థానికుల దారినే పట్టడం.

తీరానికి, నదులకు, దీవులకు వస్తే చరిత్ర పడవది. మిల్న్ బే ప్రాంతపు దీవులవాళ్లు ఎర్ర గవ్వల హారాలను ఒక దిశలో, తెల్ల గవ్వల కడియాలను ఎదురు దిశలో చేతులు మారుస్తూ సముద్రం మీద సాగించిన కులా మారకాన్ని మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1922లో ప్రపంచానికి పరిచయం చేశాడు. దీవి నుంచి దీవికి పోయే పడవే ఆ బంధుత్వాలకు ఆధారం. సెపిక్ నది కూడా అంతే. సుమారు 1,100 కిలోమీటర్ల ఆ నది ఒడ్డున ఊళ్లకు మోటారు బిగించిన దోనెలే బస్సులు. పాగ్వీ దగ్గరో, అంగోరమ్ దగ్గరో దోనె ఎక్కినవాడికి రేవు రేవునా ఊరు ఎదురవుతుంది. ఆత్మల కోసం కట్టిన ఎత్తైన ఇళ్లు, చేపల బుట్టలతో ఎదురొచ్చే స్త్రీలు, సాగో తాటి చిత్తడి నేలలు కనిపిస్తాయి. విమానంలో వెళ్తే ఇదంతా ఒక వంకరగీతగా మిగిలిపోతుంది.

అలాగని పైనుంచి చూసేది తక్కువ కాదు. ఎనిమిది వందలకు పైగా భాషలు ఒక్క దేశంలో ఎలా నిలిచాయో మడతల మీద మడతలుగా పరచుకున్న ఆ కొండల మీదుగా ఎగిరినప్పుడు కొంత అర్థమవుతుంది. మనుషులు ఎలా బతుకుతున్నారో పడవ చూపిస్తే, అలా ఎందుకు విడివిడిగా బతికారో విమానం చూపిస్తుంది.

ఇక భద్రత. నాలుగు నెలలైనా తేడా లేని రెండు దుర్ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2011 అక్టోబర్ 13న లే నుంచి మడాంగ్ వెళ్తున్న డాష్-8 విమానం దిగే సమయంలో కూలి 32 మందిలో 28 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది తమ పిల్లల విశ్వవిద్యాలయ వేడుకకు బయల్దేరిన తల్లిదండ్రులు. 2012 ఫిబ్రవరి 2న కింబే నుంచి లే వస్తున్న రబౌల్ క్వీన్ ఓడ పెద్ద అలలకు తిరగబడి 140 మందికి పైగా జలసమాధి అయ్యారు. వాళ్లలో ఎందరో చదువులకు బయల్దేరిన విద్యార్థులు. దిగుతున్న విమానంలో ప్రొపెల్లర్లు హద్దుమీరి తిరగడంతో ఇంజన్లు శక్తి కోల్పోయాయి. ఓడలో పట్టనంత మందిని ఎక్కించి, వాతావరణం బాగా లేకున్నా నడిపారు.

నాకు ముఖ్యమనిపించే తేడా ఇక్కడే ఉంది. విమానంలోని లోపం ప్రయాణికుడి కంటికి ఆనదు. పడవ ప్రమాదం చాలాసార్లు రేవులోనే కనిపిస్తుంది: కిక్కిరిసిన జనం, లైఫ్ జాకెట్లు లేకపోవడం, నురగలు కక్కే సముద్రం. మరీ ముఖ్యంగా బనానా బోట్లని పిలిచే ఫైబర్ పడవలకు చాలావరకు ఉండేది ఒక్కటే మోటారు. నడిసముద్రంలో అది ఆగితే రోజుల తరబడి కొట్టుకుపోవచ్చు. ఉత్తర తీరంలో డిసెంబర్ నుంచి మార్చి దాకా వాయవ్య గాలులు, మిల్న్ బేలో మే నుంచి అక్టోబర్ దాకా ఆగ్నేయ గాలులు సముద్రాన్ని రెచ్చగొడతాయి.

వేళకు నడవడంలో రెండూ దాదాపు సమానమే. కొండల్లో పొద్దెక్కేకొద్దీ మబ్బు కమ్ముకుంటుంది కాబట్టి చిన్న విమానాలకు ఉదయమే అనుకూలం. మబ్బు వీడకపోతే ఆ రోజు ప్రయాణం ఉండదు. పడవ నిండితేనే కదులుతుంది. ఏది ఎంచుకున్నా, స్వదేశానికి తిరుగు విమానం ఉన్న రోజుకు ముందు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.

నా తీర్పు ఇది. కొండలకు, నడిసముద్రం దాటాల్సిన పెద్ద దీవులకు విమానం. నదికి, మడుగుకి, తీరం కనుచూపులో ఉండే పగటి ప్రయాణానికి పడవ. టిక్కెట్టు ధర చూసి ఈ గీత దాటవద్దు. అక్కడి పేద విద్యార్థికి కిక్కిరిసిన ఓడను వద్దనుకునే వెసులుబాటు చాలాసార్లు ఉండదు, యాత్రికుడికి ఉంటుంది. లైఫ్ జాకెట్ లేని పడవను వద్దనండి. అవసరమైతే మీ కోసం, పడవవాళ్ల కోసం కూడా జాకెట్లు కొని వెంట తీసుకెళ్లండి.